సర్వీసు రిజిస్టరులో యువకుడు

రాజలింగానికి యాభై ఎనిమిదేళ్ళు నిండబోతున్న నెలలోనే శాసనసభలో ఒక సభ్యుడికి కోపం వచ్చింది.

ఆ కోపానికి కారణం ఆయన మనవడు. చెవుల్లో తెల్లని తీగలు పెట్టుకుని జేబులోంచి పాటలు వినే యంత్రం ఒకటి కొత్తగా బజారులోకి వచ్చింది. ఒక అమ్మాయి అది పెట్టుకుని బస్సు టాపు మీద గంతులేసే ప్రకటన రోజంతా టీవీలో వస్తోంది. అది చూసిన మనవడు యంత్రం కొనేదాకా అన్నం ముట్టనని రెండు పూటలు అలిగాడు. ఇంట్లో ఏమీ చేయలేకపోయిన తాత సభలో ప్రశ్న వేశాడు. "సంచార సంగీత శ్రవణ యంత్రాల టీవీ ప్రకటనలు యువ కొనుగోలుదారులను ఆకర్షిస్తున్న మాట వాస్తవమేనా? వాస్తవమైనచో వివరములు, కానిచో కారణములు తెలుపుదురా?"

ఆ ప్రశ్న సచివాలయంలో నాలుగు శాఖల బల్లల మీద తలా ఒక రోజు పడుకుని, చివరికి రాష్ట్ర యువజన అభిరుచుల అధ్యయన సంస్థకు చేరింది. జవాబుకు ఇరవై రోజులు గడువు. నాలుగో అంతస్తులో ఉండే ఆ సంస్థలో ముప్పై ఒక్కమంది పనిచేస్తారు. వాళ్ళ సగటు వయసు యాభై ఒకటి. ప్రశ్న ఉన్న కవరును కింది నుంచి పైకి మోసుకొచ్చినవాడు అటెండరు రాజలింగం. లిఫ్టు చాలాకాలంగా మరమ్మతులో ఉంది. మూడో అంతస్తు దగ్గర ఆగి, మెట్టు మీద కూర్చుని, రెండు మోకాళ్ళనూ చేతులతో రుద్దుకుని మళ్ళీ లేచాడు.

రాజలింగం సొంత ఊరు కరీంనగర్ దగ్గర. ముప్పై రెండేళ్ళ సర్వీసు. ఆ నెలాఖరుకు పదవీ విరమణ చేయవలసినవాడు. కానీ చేసేలా లేడు. అతను పుట్టింది పంతొమ్మిది వందల నలభై ఎనిమిదిలో. పాత సర్వీసు రిజిస్టరు చెదలు పట్టినప్పుడు కొత్తదానిలోకి ఎత్తిరాసిన గుమాస్తాకు ఆ నాలుగు ఏడులా కనిపించింది. దాంతో రికార్డు ప్రకారం రాజలింగానికి ఇరవై ఎనిమిదేళ్ళు. పుట్టడానికి నాలుగేళ్ళ ముందే సర్వీసులో చేరాడు. ఇంకో ముప్పై ఏళ్ళు మెట్లెక్కాలి.

పన్నెండేళ్ళుగా అర్జీలు పెడుతూనే ఉన్నాడు. బడి నుంచి సర్టిఫికెట్ తెమ్మన్నారు. బడి ఏనాడో కూలిపోయింది. మెడికల్ బోర్డుకు పంపితే వాళ్ళు పళ్ళు లెక్కపెట్టి, "చూపులకు సుమారు అరవై" అని రాశారు. దాని మీద ఆడిట్ వారు, "రూపము రికార్డుతో సరిపోలడం లేదు. రూపమునకు సంజాయిషీ కోరవలెను" అని మెమో పంపారు. ఆ మెమోకు ఏం జవాబు రాయాలో తెలియక రాజలింగం దాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

సంస్థ డైరెక్టరు డాక్టర్ వామనమూర్తి గారు ప్రశ్నను మూడుసార్లు చదివి, "యువత లేకుండా యువత గురించి చెప్పడం శాస్త్రీయం కాదు. యువతను పిలిపించండి" అని ఆదేశించారు.

దగ్గర్లోని కాలేజీ నుంచి నలభైమంది పిల్లలు వచ్చారు. వాళ్ళను వరండాలో నిలబెట్టి సూపరింటెండెంటు సుభద్రామణి గారు కాగితాలు అడిగారు.

"జనన ధ్రువపత్రం ఒరిజినల్ ఏదీ?"

"ఇంటర్ మెమో ఉంది మేడం."

"మెమో చెల్లదు. నువ్వు యువకుడివని తహసీల్దారు గారి సంతకంతో పత్రం తేవాలి."

"ఇంతకీ మమ్మల్ని ఏం అడుగుతారు మేడం?"

"ముందు మీరెవరో తేలనీ నాయనా. అడగడం తర్వాతి సంగతి."

నలభైమందీ టీ తాగి, చెవుల్లో తెల్లని తీగలు పెట్టుకుని, తలలూపుకుంటూ మెట్లు దిగి వెళ్ళిపోయారు. తహసీల్దారు ఆఫీసుకు వెళ్ళారో సినిమాకు వెళ్ళారో ఎవరికీ తెలియదు. మళ్ళీ రాలేదు.

గడువులో ఆరు రోజులు పోయాయి. అప్పుడు సుభద్రామణి గారికి ఒక ఆలోచన వచ్చింది. ధ్రువపత్రాలతో సహా సిద్ధంగా ఉన్న యువకుడు బయట దొరక్కపోతే లోపల వెతకవచ్చు. సర్వీసు రిజిస్టర్లన్నీ బల్ల మీద వేయించి ఒక్కొక్కటే తిరగేశారు. యువత అంటే పదిహేను నుంచి ముప్పై ఐదు అని నిబంధన. దానికి సరిపోయినవాడు ఒక్కడే దొరికాడు.

అక్కడే కంప్యూటరు ముందు కూర్చుని టైపు చేస్తున్న హారిణి తలెత్తింది. గుడివాడ నుంచి వచ్చిన పిల్ల. ఇరవై నాలుగేళ్ళు. "మేడం, నేనున్నాను కదా?" అంది.

"నువ్వు కాంట్రాక్టు పద్ధతి మీద ఉన్నావమ్మా. కాంట్రాక్టు వాళ్ళకు సర్వీసు రిజిస్టరు ఉండదు. రిజిస్టరు లేనివాళ్ళకు వయసు ఉండదు."

హారిణి మళ్ళీ తల దించుకుని టైపు చేసుకుంది. ఆమె చున్నీ కింద నుంచి తెల్లని తీగ ఒకటి చెవిలోకి వెళ్తోంది. అదీ ఎవరూ చూడలేదు.

డైరెక్టరు గారు పిలుస్తున్నారనగానే రాజలింగం చేతిలోని ఫైళ్ళు కింద పెట్టేశాడు. తన అర్జీ కదిలిందనుకున్నాడు. చొక్కా సవరించుకుని లోపలికి వెళ్ళాడు.

"రా బాబూ, కూర్చో" అన్నారు వామనమూర్తి గారు.

ముప్పై రెండేళ్ళలో ఆ గదిలో అతన్ని ఎవరూ కూర్చోమనలేదు. బాబూ అని కూడా అనలేదు. డైరెక్టరు గారు తనకన్నా తొమ్మిదేళ్ళు చిన్నవాడు. రాజలింగం కుర్చీ అంచు మీద కూర్చున్నాడు.

"ఈ భవనంలో రికార్డు ప్రకారం నీ అంత చిన్నవాడు ఇంకొకడు లేడు. ఈ అధ్యయనంలో రాష్ట్ర యువతకు నువ్వే ప్రతినిధివి."

"సార్, నాకు యాభై ఎనిమిదేండ్లు. మీకు తెల్వనిదా? నాకు ఆరుగురు మనుమండ్లు, మనుమరాండ్లు."

"నాకు వ్యక్తిగతంగా తెలుసు రాజలింగం. కానీ అధికారికంగా తెలియదు. రికార్డు అబద్ధమాడుతోందని అంటావా?"

రికార్డు అబద్ధమాడుతోందనే పన్నెండేళ్ళుగా రాస్తున్నాడు రాజలింగం. ఆ మాటే చెప్పాడు. డైరెక్టరు గారు కుర్చీలో వెనక్కి వాలారు.

"నివేదిక పంపేదాకా ఓపిక పట్టు. నివేదిక వెళ్ళిన మర్నాడే నీ ఫైలు మీద నేనే సంతకం పెడతాను. అప్పటిదాకా మాత్రం నువ్వు ఇరవై ఎనిమిది దాటకూడదు."

పన్నెండేళ్ళు ఆగినవాడికి పన్నెండు రోజులు లెక్కేమిటి? "సరే సార్. దాటను" అన్నాడు రాజలింగం.

మర్నాటి నుంచి అతన్ని మీటింగు హాల్లో టీవీ ముందు కూర్చోబెట్టారు. ముప్పై సెకన్ల ప్రకటన. అయిపోగానే మళ్ళీ మొదటి నుంచి. అమ్మాయి బస్సు టాపు ఎక్కుతుంది, జుట్టు విరబోసుకుని గంతులేస్తుంది, కింద ఉన్న జనమంతా గంతులేస్తారు, చివరికి ట్రాఫిక్ పోలీసు కూడా గంతులేస్తాడు. పక్కన సుభద్రామణి గారు ఫారం పట్టుకుని కూర్చున్నారు. హారిణి టైపు చేస్తోంది.

"నీకేమనిపిస్తోంది?"

"ఆ పోరి కింద పడ్తదని భయమైతుంది మేడం."

సుభద్రామణి గారు రాసుకున్నారు. యువతలో రోడ్డు భద్రత పట్ల అవగాహన మెండుగా ఉన్నది.

"ఇంకా?"

"చెవుల్ల ఆ తీగెలేంది? ఏమన్న రోగమా?"

యువత ఆరోగ్య స్పృహ కలిగి ఉన్నది.

"కొనాలని అనిపిస్తోందా?"

"కూసోని కూసోని మోకాళ్ళు గుంజుతున్నయ్ మేడం. జర లేసి తిరుగుత."

అదీ రాసుకున్నారు. మధ్యాహ్నం భోజనం తర్వాత యువత కళ్ళు మూసుకుని ప్రకటనను గాఢంగా ఆస్వాదించింది. దాని గురక టీవీ శబ్దాన్ని మించిపోయినా ఫారంలో గురకకు గడి లేదు.

మధ్యంతర నివేదిక పైకి వెళ్ళింది. పరిశీలించిన యువత ఒక్కడే కాబట్టి అందులో ప్రతి అంకె నూటికి నూరు శాతమే. పత్రికలవాళ్ళకు ఇచ్చిన ప్రకటనలో ప్రకటనల సంగతి చివర ఎక్కడో ఉంది. మొదటి వాక్యం మాత్రం పెద్ద అక్షరాల్లో అచ్చయింది. రాష్ట్రంలోని యువతలో నూటికి నూరు మందికి మోకాళ్ళ నొప్పులు. ప్రతి యువకుడికీ సగటున ఆరుగురు మనవలు.

ప్రభుత్వం ఉలిక్కిపడింది. మనవల విషయం జనాభా శాఖ చూసుకుంటానంది. మోకాళ్ళ సంగతికి మాత్రం వెంటనే స్పందించాలని యువజన వ్యవహారాలు చూసే శాసనసభా సంఘం తీర్మానించింది. నాలుగు రోజుల్లో నూట పన్నెండు జూనియర్ కాలేజీలకు మోకాళ్ళ తైలం సీసాలు చేరాయి. ఉదయం ప్రార్థన తర్వాత పిల్లలు వరసగా కూర్చుని, ప్రిన్సిపాల్ ఈల వేయగానే కుడి మోకాలు, రెండోసారి వేయగానే ఎడమ మోకాలు రుద్దుకోవాలి. పరీక్షల్లో దానికి ఐదు మార్కులు కూడా కేటాయించారు.

అసలు ప్రశ్న మాత్రం అలాగే ఉండిపోయింది. యువత ఆకర్షితం కావడం లేదు. వామనమూర్తి గారు ఈ విషయం మీద ఒక రోజంతా ఆలోచించారు.

"ఆకర్షించడం ప్రకటన ధర్మం. ఆకర్షింపబడడం యువకుడి ధర్మం. ప్రకటన తన ధర్మం తాను చేస్తున్నట్టు మనం కళ్ళారా చూస్తున్నాం. కనుక లోపం యువకుడిలో ఉంది. యువకుడికి శిక్షణ ఇప్పించండి."

మూడు రోజుల యువత్వ పునశ్చరణ శిక్షణ మొదలైంది. రాజలింగానికి జీన్సు ప్యాంటు, బొమ్మల చొక్కా కొన్నారు. ఉన్న కాసిని వెంట్రుకలకు నల్లరంగు వేసి, జిగురు పూసి, ముళ్ళలా నిలబెట్టారు. నిర్లక్ష్యంగా గోడకు ఆనుకుని నిలబడడం నేర్పారు. అది అతనికి బాగా వచ్చింది, మోకాళ్ళకు హాయిగా కూడా ఉంది. పెద్దవాళ్ళు పిలిస్తే పలక్కుండా ఉండడం మాత్రం రాలేదు. ఎవరు పిలిచినా "సార్" అంటూ పరుగెత్తుకొచ్చాడు. ఆ సబ్జెక్టులో ఫెయిలయ్యాడు.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్తే తలుపు తీసిన భార్య కొంరవ్వ అతన్ని గుర్తుపట్టలేదు. "మా పెద్దాయన ఇంట్ల లేడు బాబూ, రేపు రా" అని తలుపు వేయబోయింది.

"నేనేనే."

కొంరవ్వ దీపం దగ్గరికి లాగి పైనుంచి కిందికి చూసింది. "గిదేం యేశమయ్యా? నెత్తికి ఏమైంది?"

"సర్కారు యేశం. ఇంకో నాలుగు దినాలు ఓర్సుకో. ఫైలు మీద సంతకం బెడ్తడట."

"మనుమరాలు జూస్తె జడ్సుకుంటది. పోయి నెత్తి కడుక్కోపో."

"కడుగొద్దన్నరు. రంగు సర్కారుది."

కొంరవ్వ నవ్వింది, కానీ అతని మొహం చూసి నవ్వు ఆపేసింది. మోకాళ్ళకు వేడి ఆవనూనె రాస్తూ, "నువ్వు ముసలోనివని చెప్పనీకి నేనొస్త పా. నేను జెప్తె ఇనరా?" అంది. ముసలివాణ్ణని ఒప్పించడానికి పడుచువాడి వేషం వేయవలసి వచ్చినందుకు అతనికి మొదటిసారి సిగ్గేసింది.

మర్నాడు మీటింగు హాల్లో అతను ఒక్కడే కూర్చుని ఉంటే హారిణి వచ్చి పక్క కుర్చీలో కూర్చుంది. టీవీ శబ్దం తగ్గించింది.

"బాబాయ్ గారూ, మీకు ఏ పాటలంటే ఇష్టం?"

ఇన్ని రోజులుగా ఆ ప్రశ్న అతన్ని ఎవరూ అడగలేదు. ఫారంలో లేదు.

"పాటలేడియి బిడ్డా. చిన్నప్పుడు ఒగ్గుకథలు మస్తు ఇంటుంటి. కథ జెప్పేటోళ్ళు వస్తే ఎడ్లబండి మీద మూడూర్ల అవతలికి గూడ పోయేటోళ్ళం. ఇప్పుడేడ దొరుకుతయ్."

రెండు రోజుల తర్వాత హారిణి తన జేబు యంత్రం తెచ్చి, ఒక తీగ అతని కుడి చెవిలో, ఇంకొకటి ఎడమ చెవిలో పెట్టి, మీట నొక్కింది. రాజలింగం కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. డోలు దెబ్బ సరిగ్గా నడినెత్తి మీద మోగింది. దాని వెనకే కథకుడి గొంతు, తాళాలు, వంత. చుట్టూ చూశాడు. హాల్లో ఎవరూ లేరు. డోలు మాత్రం మోగుతూనే ఉంది. మెల్లగా కూర్చుని, కళ్ళు మూసుకుని, మోకాలి మీద తాళం వేయసాగాడు. కథ పూర్తయ్యేసరికి చెంపలు తడిశాయి.

"గింతంత దాంట్ల గన్ని డోళ్ళు ఎట్ల జొర్రినయ్ బిడ్డా?" అన్నాడు.

సరిగ్గా అప్పుడే సుభద్రామణి గారు ఫారంతో లోపలికి వచ్చారు. యువకుడు తొలిసారి ఆకర్షితుడైనట్టు కనిపించేసరికి ఆవిడ గబగబా కలం తీశారు. "కొనాలని ఉందా?"

"ఉన్నది మేడం. పక్కా ఉన్నది."

"ప్రకటన ప్రభావమేనా?"

"గది గాదు. ఈ పిల్ల చెవుల బెట్టింది, ఇన్న. బాగున్నది."

సుభద్రామణి గారు కలం మూసేశారు. వినడం వల్ల కొనాలనిపించడానికి ఫారంలో గడి లేదు.

గడువుకు ముందు రోజు శాసనసభా సంఘం యువతను స్వయంగా చూడటానికి వచ్చింది. ప్రశ్న వేసిన సభ్యుడే దానికి అధ్యక్షుడు. ఆయన హాలంతా చూసి, "యువకుడేడి?" అన్నాడు.

"ఎదురుగా ఉన్నాడండీ" అన్నారు వామనమూర్తి గారు.

అధ్యక్షుడు జీన్సు ప్యాంటు నుంచి ముళ్ళజుట్టు దాకా చూశాడు. "ఈయన వయసెంత?"

"రికార్డు ప్రకారం ఇరవై ఎనిమిది."

"అడిగింది రికార్డును కాదు. ఏమయ్యా, నువ్వు చెప్పు."

డైరెక్టరు గారు కళ్ళతోనే బతిమాలారు. ఒక్క రోజు ఓపిక పడితే సంతకం. చెప్పేస్తే సంతకమూ ఉండదు, ఉద్యోగం ఉంటుందో లేదో తెలియదు. కానీ ఎదురుగా ఉన్న పెద్దమనిషి వయసెంత అని నేరుగా అడిగాడు. పన్నెండేళ్ళలో ఆ మాట అడిగినవాడు ఇంకొకడు లేడు.

"నేను యువకుణ్ణి గాదు సార్. నాకు ఈ నెలాఖరుకు యాభై ఎనిమిది నిండుతయ్. మోకాళ్ళ నొప్పులు నాయే. మనుమలు నావోళ్ళే. కాలేజీ పోరగాండ్లకు నూనె అక్కర్లేదు. ఆ ప్రకటన నాకు నచ్చలే. పాటల డబ్బా నచ్చింది. ఉన్నదున్నట్టు జెప్పిన. ఇంక మీ ఇష్టం."

సంఘ సభ్యులు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఇతను యువకుడు కాకపోతే నివేదిక చెల్లదు. నివేదిక చెల్లకపోతే నూట పన్నెండు కాలేజీల తైలానికి ఎవరు జవాబుదారీ? ఆ తీర్మానం కింద సభ్యులందరి సంతకాలూ ఉన్నాయి.

అధ్యక్షుడు గొంతు సవరించుకున్నాడు. "ఈయన నిజాయితీని మెచ్చుకోవాలి. వయసు సరిదిద్దవలసిందే. అయితే నివేదికకు భంగం రాకూడదు. మార్గం చెప్పండి."

మార్గం వామనమూర్తి గారికి మెరుపులా తట్టింది. "అయ్యా, మనిషి వయసు మారిస్తే యువత నుంచి జారిపోతాడు. అతనితో పాటు యువత నిర్వచనాన్ని కూడా పైకి జరిపితే జారడు. యువత అంటే అరవై దాకా అని సవరిద్దాం."

"అరవై దాకానా?" అధ్యక్షుడు వేళ్ళ మీద లెక్క వేసుకున్నాడు. "నాకు మొన్ననే యాభై తొమ్మిది వచ్చింది."

"తమరు నిండు యౌవనంలో ఉన్నారండీ."

తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. ఆర్థిక శాఖ ఒక్క అభ్యంతరం మాత్రం పెట్టింది. యువత వెడల్పు ఇప్పటివరకూ ఇరవై ఏళ్ళు. దాన్ని పెంచితే పథకాల భారం పెరుగుతుంది. పైన ఎంత జరిపితే కింద కూడా అంతే జరపాలి. అందుచేత ఆ సాయంత్రానికే యువత అంటే నలభై నుంచి అరవై అయింది. నలభై లోపువారంతా పిల్లల కింద లెక్క.

మర్నాడు సభలో మంత్రి గారు జవాబు చదివారు. "సంచార సంగీత శ్రవణ యంత్రాల టీవీ ప్రకటనలు యువ కొనుగోలుదారులను ఆకర్షిస్తున్న మాట వాస్తవం కాదు అధ్యక్షా. కొంటున్నవారందరూ పిల్లలే." సభ బల్లలు చరిచింది.

వామనమూర్తి గారు మాట నిలబెట్టుకున్నారు. ఏడు మళ్ళీ నాలుగైంది. నెలాఖరున రాజలింగానికి దండ వేసి, శాలువా కప్పి, ఇంత చిన్న వయసులో సంస్థను వీడుతున్నందుకు చింతిస్తున్నామని సుభద్రామణి గారు ప్రసంగించారు. ఆ సభకు హారిణి రాలేదు. ఆమె కాంట్రాక్టు అంతకు ముందు వారమే రద్దయింది. ప్రభుత్వ కార్యాలయంలో పిల్లల చేత పని చేయించడం నేరమని ఎవరో గుర్తు చేశారట.

రాజలింగం ఆరా తీసి, కోఠీలో ఎలక్ట్రానిక్స్ దుకాణంలో ఆమెకు పని దొరికిందని తెలుసుకున్నాడు. మరుసటి సోమవారం కొంరవ్వను వెంటబెట్టుకుని వెళ్ళాడు. నల్లరంగు సగం పోయి జుట్టు నెరుపు కనిపిస్తోంది. పాత పంచె కట్టుకున్నాడు. అతన్ని చూడగానే హారిణి కౌంటరు వెనక నుంచి పరుగెత్తుకొచ్చింది.

"నా తోటి నీ నౌకరి పాయె గదా బిడ్డా" అన్నాడు రాజలింగం. దారి పొడుగునా అదే మాట ఎలా అనాలా అని ఆలోచిస్తూ వచ్చాడు.

"అయ్యో, అదేం లేదు బాబాయ్ గారూ. ఇక్కడ నా వయసు అడిగారు, చెప్పాను, నమ్మేశారు. ఒగ్గుకథలు ఇంకో ఆరు సంపాదించాను మీకోసం. ఏది కావాలి, నల్లదా, తెల్లదా?"

"నల్లది. ఇంకొక చెవి తీగె గూడ ఇయ్యి. ఈమె గూడ ఇంటది."

కొంరవ్వ డబ్బాను అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి, "దీంట్ల మనిషి ఏడ కూసుంటడు?" అంది. హారిణి నవ్వుతూ కంపెనీవాళ్ళ ఫారం తీసింది. కొన్న ప్రతి ఒక్కరినీ అడిగి నింపాలట. పేరు రాసింది. ఊరు రాసింది. వయసు యాభై ఎనిమిది అని రాసింది. రాజలింగం ఆ అంకె వంక తృప్తిగా చూసుకున్నాడు.

"ఇంకొక్కటే ఉంది బాబాయ్ గారూ. టీవీలో ప్రకటన చూసి కొంటున్నారా?"

రాజలింగం కుడి చెవిలో తీగ పెట్టుకుంటూ ఒక్క క్షణం ఆలోచించాడు.

"చూసినా గూడ కొంటున్న అని రాయి బిడ్డా."